గేజీకి ఎర్క లేనిది

ఎండాకాలం ఇంటర్న్‌షిప్ ముగించుకుని ఊరికి వచ్చిన రోజు తాత అడిగిన మొదటి ప్రశ్న ఇది: "రెండు నెల్లు పట్నంల ఏం జేసినవ్ బిడ్డా?"

"మిషన్ సక్కగ పనిచేస్తుందా లేదా చూసిన తాతా."

"మందులు చెయ్యలే?"

"లేదు. మందుల్ని చూసే మిషన్‌ని చూసిన."

తాత చుట్ట పక్కన పెట్టి కాసేపు ఆలోచించి, "అంటే గేజీని చూసే పని" అన్నాడు.

మాది నిజాంసాగర్. తాత కాలువ మీద లష్కర్‌గా చేసి రిటైరయ్యాడు. తూము దగ్గర గేజీ చూడడం, ఎన్ని అడుగులుందో పుస్తకంలో రాయడం, పైనుంచి చెప్పినంత షట్టర్ లేపడం, దించడం ఆయన డ్యూటీ. అందుకే నా పనిని నాకంటే ముందు ఆయనే ఒక్క ముక్కలో చెప్పేశాడు. మన క్లబ్ ఎడిటర్ "కవితలు ఈసారి కూడా బోలెడు వచ్చాయి, నువ్వు కాస్త పనికొచ్చేది రాయి" అన్నప్పుడు (కవులు మన్నించాలి) ఆ ముక్కే గుర్తొచ్చింది.

ఆ మిషన్ పేరు ఎల్‌సీ-ఎంఎస్. లిక్విడ్ క్రొమటోగ్రఫీ ముందు, దాని వెనక మాస్ స్పెక్ట్రోమీటర్. సివిల్, మెకానికల్ మిత్రుల కోసం రెండు మాటలు చెప్తాను. కెమికల్ వాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు.

మంజీర ఒడ్డున ఏడుపాయల జాతర చూసే ఉంటారు. ఒకే బస్సులో దిగిన యాభైమంది గుడిదాకా ఒకేసారి చేరరు. కొందరు గాజుల దుకాణం దగ్గర ఆగుతారు, కొందరు మిర్చి బజ్జీల దగ్గర, ఇంకొందరు ఎక్కడా ఆగకుండా నేరుగా పోతారు. కాలమ్ అనే సన్నటి స్టీలు గొట్టంలో జరిగేది అదే. లోపల గట్టిగా కూరిన పొడి ఉంటుంది. పంపు తోసే ద్రావణంతో పాటు వెళ్ళే పదార్థాల్లో పొడిని ఎక్కువ ఇష్టపడేది ఆలస్యంగా, ఇష్టపడనిది తొందరగా బయటికి వస్తుంది. ఎవరు ఎన్నో నిమిషానికి వచ్చారో చూసి మనిషిని పోల్చుకుంటాం. కానీ ఒకే నిమిషానికి ఇద్దరు రావచ్చు కదా? అందుకని గుడి గుమ్మం దగ్గర తూకం పెట్టారు. అదే మాస్ స్పెక్ట్రోమీటర్. తూచాలంటే అణువుకు విద్యుదావేశం ఉండాలి, అది గాలిలోకి రావాలి. ద్రవాన్ని ఎక్కువ వోల్టేజి ఉన్న సూదిలోంచి సన్నటి తుంపరగా చల్లితే, చుక్కలు ఆరిపోయి ఆవేశమున్న అణువులు మిగులుతాయి. ఎలక్ట్రోస్ప్రే అనే ఈ పద్ధతితో పెద్ద పెద్ద జీవాణువుల్ని కూడా తూచవచ్చని చూపినందుకే జాన్ ఫెన్‌కి 2002లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది.

ఇంత మిషన్ ఒక అంకె చెప్తుంది. ఆ అంకెను ఎందుకు నమ్మాలి?

కొత్త ట్రాక్టరు కొన్న రైతుని అడగండి, చెప్తాడు. మన పొలానికి సరిపోయేది ఎంచుకున్నామా, చెప్పిన సామానంతా వచ్చిందా, షోరూము ముందు అన్ని గేర్లూ పడుతున్నాయా, చివరికి మన చెలకలో దున్నుతుందా. ల్యాబుల్లో కూడా ఇవే నాలుగు మెట్లు. వాటికి డిజైన్, ఇన్‌స్టలేషన్, ఆపరేషనల్, పెర్ఫార్మెన్స్ క్వాలిఫికేషన్ అని పెద్ద పేర్లు పెట్టి ఒక్కోదానికి ఒక ఫైలు పెడతారు. మొదటి మూడింటి కాగితాలు నాకు చదవడానికి ఇచ్చారు, నిద్ర బాగా పట్టింది. అసలు రుచి నాలుగోదాంట్లో ఉంది.

ముందు పంపు. నిమిషానికి 1 మిల్లీలీటరు అని కొడితే నిజంగా అంతే వస్తోందా? దీనికి లక్షల పరికరం అక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల ఫ్లాస్కు, స్టాప్‌వాచ్ చాలు. గీతదాకా నిండటానికి సరిగ్గా 10 నిమిషాలు పట్టాలి. 2 శాతం తేడా ఒప్పుకుంటామంటే అటు ఇటు 12 సెకన్లు. పంపు తక్కువ తోస్తే పీకులన్నీ ఆలస్యంగా వస్తాయి, అప్పుడు జాతరలో ఒకరి టైముకి ఇంకొకరు వచ్చి నిలబడతారు.

తర్వాత ఇంజెక్టర్. ఇక్కడ కెఫీన్ ద్రావణం వాడతారు. చవక, పాడవదు, అతినీలలోహిత కాంతిని 273 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది కాబట్టి డిటెక్టర్ తరంగదైర్ఘ్యం కూడా దాంతోనే చూసుకోవచ్చు. ఒకే వయల్‌లోంచి ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి, ఆరు పీకుల వైశాల్యాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో లెక్కగడతారు. స్టాండర్డ్ డీవియేషన్‌ని సగటుతో భాగించి వందతో గుణిస్తే ఆర్‌ఎస్‌డీ శాతం. మామూలుగా 2 శాతం దాటకూడదంటారు. ఆ వెంటనే ఏమీ కలపని బ్లాంక్ ఒకటి కొట్టాలి. అందులోనూ కెఫీన్ పీకు కనిపిస్తే సూది సరిగా కడుక్కోవడం లేదని అర్థం. పెళ్ళి భోజనాల్లో సాంబారు గరిటే పాయసంలోకీ వస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

ఆర్‌ఎస్‌డీ దగ్గర కాస్త ఆగుదాం. ఆగాల్సిన చోటు ఇదే. నేను నోట్‌బుక్కులో వేసుకున్న రెండు వరసలు చూడండి.

మొదటిది: 10210, 10185, 10240, 10195, 10225, 10205.

రెండోది: 10400, 10330, 10250, 10180, 10090, 10010.

సగటు రెండింటికీ 10210. క్యాలిక్యులేటర్ తీసి చూసుకోండి. ఆర్‌ఎస్‌డీ మొదటిదానికి 0.2 శాతం, రెండోదానికి 1.4 శాతం. హద్దు 2 శాతమైతే రెండూ పాస్. కానీ రెండో వరసని వేలుపెట్టి చదవండి. ప్రతి అంకె ముందుదానికంటే తక్కువ. మొదటి మిషన్ కొద్దిగా ఊగుతోంది. రెండోది దిగిపోతోంది. ఏడోదీ, డెబ్బయ్యోదీ ఎక్కడుంటాయో మీరే ఊహించుకోవచ్చు. ఆర్‌ఎస్‌డీ సూత్రానికి వరస తెలియదు, అంకెల్ని కలిపేసి ఎలా పేర్చినా అదే జవాబు చెప్తుంది. స్టాటిస్టిక్స్ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఈ సంగతి మాత్రం అక్కడ తట్టలేదు.

ఇక మాస్ స్పెక్ట్రోమీటర్. దీన్ని పరీక్షించడానికి చాలాచోట్ల వాడేది రెసర్పిన్. మన సర్పగంధి వేరులో ఉండే పదార్థమే, 1952లో విడదీశారు, బీపీకి మందుగా నడిచింది. ఇప్పుడు దాన్ని రోగులకంటే మిషన్లకే ఎక్కువ ఇస్తున్నారేమో అనిపిస్తుంది. ఒక ప్రోటాన్ తగిలించుకున్న రెసర్పిన్ ద్రవ్యరాశి 609.2807. మిషన్ ఎంత చూపిస్తోంది, తేడా పదిలక్షల్లో ఎన్ని వంతులు? దాన్నే పీపీఎం అంటారు. 5 పీపీఎం అంటే ఇక్కడ 0.003. రెండో పరీక్ష సున్నితత్వం. పికోగ్రాముల్లో రెసర్పిన్ ఇచ్చి, పీకు ఎత్తు చుట్టూ ఉన్న గోల కంటే ఎన్ని రెట్లు ఉందో చూస్తారు. మా ల్యాబులో ఆ అంకెను ప్రతి సోమవారం గోడమీది చార్టులో చుక్కపెట్టేవాళ్ళు. ఆ చార్టు నాకు మొదట్లో అలంకారంలా కనిపించింది.

ఇప్పుడు నా పొరపాటు చెప్పాలి. కంపెనీ పేరు అడక్కండి.

మాత్రల్లో ఒక మలినాన్ని కొలుస్తున్నాం. మలినం నానోగ్రాముల్లో, అసలు మందు దానికి లక్షల రెట్లు. అంత మందు మిషన్ నోట్లోకి పోతే అక్కడ తెల్లగా పేరుకుపోతుంది. అందుకని మందు బయటికి వచ్చే నిమిషాల్లో ఒక వాల్వు తిరిగి, ఆ ద్రావణాన్ని డ్రెయిన్ సీసాలోకి వదిలేస్తుంది. కొత్త వానకు వచ్చే ఎర్రనీళ్ళని చెరువులోకి రానీయకుండా పక్క తూములోంచి వదిలినట్టు. మందు నాలుగో నిమిషం నుంచి ఆరున్నరదాకా వస్తుంది. నేను వాల్వు టైము నాలుగు నుంచి అయిదున్నర అని టైపు చేశాను. ఒక్క అంకె. ప్రతి ఇంజెక్షన్‌కీ ఒక నిమిషం పాటు మందు తోక నేరుగా లోపలికి పోయింది.

రాత్రి పెట్టిన సీక్వెన్సు పొద్దున చూశాం. మొదట్లో కొట్టిన ఆరు స్టాండర్డ్‌లు భేషుగ్గా పాస్. పది శాంపిళ్ళకోసారి మధ్యలో ఒక స్టాండర్డ్ పెడతారు, అది 90 నుంచి 110 శాతం మధ్యలో రావాలి. మొదటిది 97. రెండోది 93. మూడోది 86.

శాంపిళ్ళన్నిట్లో మలినం హద్దు లోపలే ఉంది. అన్నీ పాస్. నాకు సంబరమే, ఆ 86 ఒక్కటే పంటి కింద రాయి. "మేడమ్, ఆ చివరి స్టాండర్డ్ ఒక్కటి మళ్ళీ కొడదామా? వయల్‌లో గాలిబుడగ ఉందేమో" అన్నాను. నిజానికి బుడగ ఉందని నాకు నమ్మకం లేదు, ఉంటే బాగుండునని ఉంది.

మేడమ్ కోప్పడలేదు. తెల్లకాగితం మీద 97, 93, 86 వరసగా రాసి అడిగింది: "మిషన్‌కి చూపు తగ్గుతోంది. చూపు తగ్గినప్పుడు మలినం ఎక్కువ కనిపిస్తుందా, తక్కువ కనిపిస్తుందా?"

తక్కువ.

"మరి ఆ పాస్ ఎవరిది? మాత్రదా, మిషన్‌దా?"

జవాబు చెప్పలేకపోయాను. అంతవరకూ నా దృష్టిలో మిషన్ చెడిపోవడమంటే ఎర్రలైటు వెలగడం, పీప్ పీప్ మనడం, రన్ ఆగిపోవడం. మలినాలు వెతికే పనిలో అలా ఉండదు. మిషన్ గుడ్డిదవుతున్న కొద్దీ మందు శుభ్రమవుతున్నట్టే కనబడుతుంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. అందరికీ కావాల్సిన జవాబే వస్తుంటుంది. మధ్యలో ఆ స్టాండర్డ్‌లు లేకపోతే ఆ ముప్పై శాంపిళ్ళ రిపోర్టు సంతకమై వెళ్ళిపోయేది.

సోర్సు తెరిచి చూస్తే గిన్నె అడుగున మాడిన పాలలా తెల్లటి పొర. కడిగారు, ఆరబెట్టారు, రెసర్పిన్‌తో మళ్ళీ చూశారు, గోడమీది చార్టులో చుక్క పాత చోటికి వచ్చింది. శాంపిళ్ళన్నీ మొదటినుంచీ. డీవియేషన్ రిపోర్టులో కారణం రాసేటప్పుడు నా పేరు ఉంటుందని భయపడ్డాను. మేడమ్ తన పేరు రాసుకుంది. "మెథడ్ చూసి సంతకం పెట్టింది నేను. నువ్వు టైపు చేశావంతే."

దీనికి తలకిందులుగా ఉండే కేసు ఒకటి, ప్రపంచమంతా చూసినది, మన ఇళ్ళలోకి వచ్చేది. మెట్‌ఫార్మిన్. మా నాయినమ్మ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునే షుగర్ మాత్ర. 2020లో అమెరికాలో కొన్ని కంపెనీల మెట్‌ఫార్మిన్ మాత్రల్ని, నిదానంగా కరిగే రకాన్ని, వెనక్కి తెప్పించారు. కారణం ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్, క్యాన్సర్ కారకం కావచ్చని లెక్కించే పదార్థం. రోజుకు 96 నానోగ్రాములు దాటకూడదని హద్దు. రోజుకు 2 గ్రాముల మందు వేసుకునే మనిషికి ఇది గ్రాముకు 48 నానోగ్రాములు. అంత తక్కువని వెతకాలంటే ఎల్‌సీ-ఎంఎస్ లాంటివే దిక్కు.

అప్పుడు ఒక ప్రైవేటు ల్యాబు 38 మెట్‌ఫార్మిన్ శాంపిళ్ళు చూసి 16 హద్దు దాటాయంది. అమెరికా ఎఫ్‌డీఏ అవే శాంపిళ్ళను తన ల్యాబులో చూస్తే 8 మాత్రమే దాటాయి. మాత్రలు అవే, మిషన్ల జాతి అదే. తేడా ఎక్కడ?

డీఎంఎఫ్ అనే ద్రావణి మాత్రలో కొద్దిగా మిగిలిపోవచ్చు. అది కాలమ్‌లోంచి ఇంచుమించు ఎన్‌డీఎంఏ వచ్చే సమయానికే వస్తుంది. తూకంలో పట్టుకుందామంటే, ప్రోటాన్ తగిలిన ఎన్‌డీఎంఏ 75.0553. డీఎంఎఫ్ 74.0600, దూరంగానే ఉంది, హాయి అనుకుంటాం. కానీ ప్రకృతిలో నైట్రోజన్ పరమాణువుల్లో వెయ్యికి మూడు నాలుగు బరువైనవి, నైట్రోజన్-15. అలాంటిది పడ్డ డీఎంఎఫ్ బరువు 75.0571. రెండింటికీ తేడా 0.0018. అంటే దాదాపు 24 పీపీఎం.

ఇప్పుడు రెసర్పిన్ పరీక్ష గుర్తు చేసుకోండి. మిషన్ ఇంత దగ్గరి బరువుల్ని విడదీయగలిగి, తూకం 5 పీపీఎం లోపల నిలబడితే ఇద్దరూ వేరువేరుగా కనిపిస్తారు. తూకం జరిగినా, లేదా అటు ఇటు 30 పీపీఎం దాకా కిటికీ తెరిచి "ఇందులో పడిందంతా ఎన్‌డీఎంఏయే" అని లెక్కగట్టినా, డీఎంఎఫ్ కూడా ఎన్‌డీఎంఏ ఖాతాలో పడుతుంది. మా ల్యాబులో దొంగ కనిపించకుండా పోయాడు, ఇక్కడ దారినపోయేవాడు దొంగయ్యాడు. షుగర్ మాత్ర ఊరికే ఆపేస్తే నాయినమ్మకు ఏమవుతుందో డాక్టరు చెప్పనక్కర్లేదు. కాబట్టి ఈ తప్పు కూడా చిన్నది కాదు. అలాగని ఆ మిగతా 8 మాటా మర్చిపోకండి, వాటిలో నిజంగానే ఉంది.

ఇవన్నీ తాతకి నా పద్ధతిలో చెప్పాను. పీపీఎంల దగ్గర కునికిపాటు పడ్డాడు గానీ, వాల్వు కథ మాత్రం కళ్ళు తెరుచుకుని విన్నాడు. "పూడిక" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది నేను ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకున్నదాని కంటే ఒక మెట్టు పైన ఉంది. నిజాంసాగర్ కట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్, జులై 11న తెలంగాణ ఇంజనీర్స్ డే పేరుతో మన కాలేజీలో పూలదండ వేసేది ఆయన ఫొటోకే. కట్టిన నాడు ప్రాజెక్టు పట్టు దాదాపు 30 టీఎంసీలు. మంజీర ఏటేటా తెచ్చిన మన్ను అడుగున కూర్చుంది. పట్టు సగం కూడా లేకుండా పోయి, చివరికి నిండుమట్టమే పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు నిండుమట్టం 1405 అడుగులు, పట్టు 17.8 టీఎంసీలు.

"గేజీ అబద్ధం చెప్పది బిడ్డా" అన్నాడు తాత. "అడుగులు అడిగితే అడుగులు చెప్తది. కింద బురద ఎంతున్నదో దానికేం ఎర్క? పొలానికి అడుగులు పోతయా, నీళ్ళు పోతయా?"

ఎన్ని అడుగులుంటే ఎన్ని నీళ్ళో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. గేజీ సరిగ్గానే ఉంటుంది, పట్టిక పాతబడుతుంది. మా భాషలో ఆ పట్టికే క్యాలిబ్రేషన్ కర్వ్: ఇంత పీకు వస్తే ఇంత మలినం. దాన్ని శుభ్రమైన ద్రావణంలో గీస్తాం. మాత్రను పొడి చేసి కలిపిన శాంపిల్‌లో అయితే పిండి, జిగురు, మందు అన్నీ ఉంటాయి. అవి ఎలక్ట్రోస్ప్రే దగ్గర మలినంతో పోటీపడి దాని ఆవేశాన్ని లాక్కుంటాయి. మిషన్ అన్ని పరీక్షలూ పాసై, సోర్సు అద్దంలా మెరుస్తున్నా ఇది జరగొచ్చు. మిషన్‌ని మాత్రమే చూస్తే ఇది దొరకదు.

జలాశయంలో అయితే పడవ మీద పోతూ అడుగు లోతు కొలిచి కొత్త పట్టిక వేస్తారు. ల్యాబులో పడవ ఏదంటే, తెలిసినంత మలినాన్ని మనమే శాంపిల్‌లో కలిపి ఎంత తిరిగి వస్తోందో చూడడం. ఇంకా మంచిది, అదే అణువును హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియంతో తయారుచేయించి ప్రతి శాంపిల్‌లో సమానంగా కలపడం. ఎన్‌డీఎంఏకి అలాంటి కవల దొరుకుతుంది, ఆరు డ్యుటీరియంలతో. నడకలో ఇంచుమించు ఒకటే, తూకంలో వేరు. ఒకదాన్ని పోటీ తొక్కేస్తే రెండోదాన్నీ అంతే తొక్కుతుంది, నిష్పత్తి మాత్రం నిలుస్తుంది. ఈ కవల ఖరీదు చూసి కొన్నిచోట్ల వద్దంటారు. ఆ రాత్రి మా సీక్వెన్సులో అది ఉండి ఉంటే, దాని పీకు పడిపోవడం పన్నెండో శాంపిల్‌కే కనిపించేది.

కాలేజీ తెరిచాక మా ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ దగ్గరికి వెళ్ళాను. మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు, కాలమ్, పంపు, డిటెక్టర్ మాత్రమే. మూడో సంవత్సరంలో అందరం దానిమీదే కెఫీన్ ప్రాక్టికల్ చేశాం. అందరి పీకులూ మాన్యువల్‌లో ఉన్నదానికంటే ఆలస్యంగా వచ్చేవి, కాలమ్ పాతదని రికార్డులో రాసుకునేవాళ్ళం. ల్యాబ్ అన్నని బతిమాలి 10 మిల్లీలీటర్ల ఫ్లాస్కు తీసుకుని గొట్టం కింద పెట్టాను. ఇద్దరు జూనియర్లు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టారు.

10 నిమిషాల 31 సెకన్లు. రెండోసారి 10 నిమిషాల 32. అంటే మేము 1 అని కొట్టినప్పుడల్లా అది 0.95 తోస్తోంది. పంపు తల విప్పితే సీలు అరిగి, కింద పళ్ళెంలో ఉప్పు గడ్డకట్టి ఉంది. కొత్త సీలు రావడానికి మూడు వారాలు పట్టింది. వేశాక 10 నిమిషాల 4 సెకన్లు. ఆ మూడు అంకెలూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన గోడకి అతికించాం. నాలుగో అంకె వచ్చే నెల ఎవరు రాస్తారో పేరు కూడా రాసిపెట్టాం.